దారి తప్పించే శాఖ

ఆ దేశం పేరు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే వాళ్ళు నొచ్చుకుంటారని కాదు, ముచ్చటపడి ఇంకో శాఖ తెరుస్తారని భయం. ఆఫ్రికా నెత్తిమీద, సముద్రానికీ సహారాకీ మధ్య ఉంటుంది. అరబ్బులూ, అరబ్బులకంటే ముందునుంచీ అక్కడే ఉన్న బెర్బర్లూ కలిసి బతుకుతుంటారు. బెర్బర్లని బెర్బర్లంటే వాళ్ళకి పెద్దగా నచ్చదు, మేం అమాజిగ్‌లం అంటారు. టీ దగ్గర మాత్రం ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు. పిడికెడు పుదీనా కుక్కి, పళ్ళు జివ్వుమనేంత పంచదార పోసి, మూరెడు ఎత్తునుంచి గ్లాసులోకి ధార కడతారు.

ఆ దేశంలో ఓ పాతబస్తీ ఉంది. చుట్టూ మట్టిరంగు కోటగోడ, లోపల లెక్కలేనన్ని సందులు. రెండు గాడిదలు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాల్సినంత ఇరుకు. పర్యాటక శాఖవాళ్ళు రంగురంగుల కరపత్రాల మీద ఒకే మాట అచ్చేశారు: "మా సందుల్లో మీరు దారి తప్పడం ఖాయం. అదే మా ఆతిథ్యం."

ఓసారి చలిదేశం పెద్దమనిషి ఒకాయన చేతిలో ఫోను పట్టుకుని పడమటి దర్వాజాలో దూరి, తిన్నగా తూర్పు దర్వాజాలో తేలాడు. దారి తప్పలేదు. ఒళ్ళు మండి మంత్రిగారికి ఫిర్యాదు రాశాడు. తప్పిస్తామని చెప్పి తప్పించలేదు, ఇది పట్టపగలు మోసం అన్నాడు. ఇంకో దేశంలో అయితే ఆ ఫిర్యాదు చెత్తబుట్టలో పడేది. అక్కడ మంత్రివర్గం కూర్చుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలా వద్దా అని పొద్దుగూకేదాకా వాదించుకుని, నిలబెట్టుకోవాలనే తేల్చింది. అలా దారి తప్పించే శాఖ పుట్టింది. దానికో డైరెక్టర్ జనరల్, ఆయనకో భవనం, ఆ భవనానికి దారి చూపిస్తూ నాలుగు వైపులకీ నాలుగు బోర్డులు ఏర్పాటయ్యాయి.

నిబంధన సులువైనదే. పాతబస్తీలో అడుగుపెట్టిన ఏ టూరిస్టూ ఒక్కసారైనా దారి తప్పందే ఊరు దాటకూడదు. దర్వాజా దగ్గరే ఫోన్లు పెట్టెలో వేసి తాళం బిగిస్తారు. టూరిస్టు వెనకాల ఓ పర్యవేక్షకుడు నడుస్తాడు. వదిలిన సందులోకే తిరిగి తిరిగి వచ్చి, తెల్లమొహం వేసి, కనిపించినవాళ్ళనల్లా దారి అడిగితే పాసైనట్టు. ఎడమ మణికట్టు మీద నీలిరంగు ముద్ర కొడతారు. "ఈ వ్యక్తికి దారి తెలియదు" అని దాని అర్థం. ఎంత రుద్దినా నెల్లాళ్ళదాకా పోదు. ముద్ర లేని చేతిని ఏ బస్సూ ఎక్కించుకోదు.

ఇలాంటి ఊళ్ళో తెనాలి బ్యాచి దిగింది. టూర్ మేనేజర్ బాజీబాబు అందరినీ ఓ పాతకాలపు ఇంట్లో దించాడు. దాన్నే హోటలు చేశారు. మధ్యలో వాకిలి, వాకిట్లో నిమ్మచెట్టు, చుట్టూ గదులు. కిటికీలన్నీ వాకిట్లోకే. బయటి ఆకాశం ఎటుందో కూడా తెలీదు. బ్యాచి అంతా కాళ్ళు చాపుకుని, వాళ్ళు పెట్టిన కుస్‌కుస్ తిని, ఇది మన గోధుమరవ్వ ఉప్మాయే, పోపు మర్చిపోయారు అని తీర్మానించుకుంటుండగా, ఓ గదిలోంచి కేక వినిపించింది.

"ఏవండీ! ఇదేంటండీ, ఉత్తరం తల పెట్టి పడుకోమంటారా మనల్ని!"

కేక హైమవతిది. ఆ ఏవండీ పానకాలరావు. ఆయన కరెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. ఏనుగంత దేవదారు మంచాన్ని మొగుడూపెళ్ళాలు ఈడ్చి ఈడ్చి తల దక్షిణానికి తిప్పేసరికి పానకాలరావు నడుం పట్టేసింది.

"ఎండ లేదు, ఏమీ లేదు. ఇది ఉత్తరమని నీకెలా తెలిసిందే?" అన్నాడు ఆయాసపడుతూ.

"తెలియకపోవడమేంటండీ? ఉత్తరం ఎటో తెలియకుండా మనిషి నిలబడేదెలా?" అంది హైమవతి.

ఆవిడ సంగతి అంతే. అసలు మన వైపు కుడి ఎడమలు వాడేవాళ్ళు తక్కువ. ఉప్పు డబ్బా తూర్పు అరలో ఉంటుంది, పీట కాస్త పడమటికి జరుగుతుంది. హైమవతి ఇంకో ఆకు ఎక్కువ చదివింది. అన్నం తింటున్న మొగుడితో "మీసానికి ఉత్తరం పక్క మెతుకంటింది చూసుకోండి" అంటుంది. రైలు వంపు తిరిగితే నిద్రలోనే "ఆగ్నేయం" అని గొణుగుతుంది. ఇంతకాలం ఇది వాళ్ళింట్లో నవ్వుకునే విషయం. ఈ ఊళ్ళో మాత్రం ప్రాణం మీదికి వచ్చింది.

ప్రాణం మీదికి అని ఊరికే అనలేదు. ముప్ఫై ఏళ్ళపాటు పదో తరగతి పిల్లలకి మ్యాప్ పాయింటింగ్ నేర్పిన మనిషి. ఆఫ్రికా పటం గీసి, అందులో సహారాని పసుపు సుద్దతో నింపీ నింపీ ఆవిడ వేళ్ళు పసుపెక్కాయి. ఒకనాడు మూడో బెంచీ పిల్ల ఒకతి లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడిగింది. లేదమ్మా అని చెప్పి కూర్చోబెట్టింది గానీ, ఆ ప్రశ్న మాత్రం కూర్చోలేదు. అందుకే రిటైరయ్యాక పానకాలరావు గాజులు చేయిస్తానంటే, "గాజులొద్దు, సహారా చూపించండి" అంది. ఈ యాత్ర అంతా దానికోసమే. ఆవలెల్లుండి పొద్దున బస్సు కొండలు దాటి ఎడారికి పోతుంది. అటునుంచి అటే విమానాశ్రయం. ముద్ర పడనివాళ్ళు ఇక్కడే ఉండిపోతారు, ముద్ర పడేదాకా.

అది చెప్పడానికే ఇద్రీస్ వచ్చాడు. ఇద్రీస్ శాఖ తరఫున తెలుగు పర్యవేక్షకుడు. మంచి కుర్రాడు. నాలుగేళ్ళు హైదరాబాదులో చదివాడు. అందులో మూడేళ్ళు రకరకాల ఆఫీసుల వరండాల్లో ఏదో ఒక కాగితం కోసం బల్లల మీద కూర్చున్నాడు. ఊసుపోక గోడల మీది నోటీసులన్నీ చదివి తెలుగు నేర్చుకున్నాడు. అందువల్ల ఆకలేసినా అతను ప్రకటనే ఇస్తాడు.

"తెనాలి నుండి విచ్చేసిన యాత్రికులకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమరందరూ రేపు ఉదయము నుండి దారి తప్పవలెను. దారి తప్పుటలో అలసత్వము వహించిన వారిపై తగు చర్య తీసుకొనబడును. సహకరించగలరు" అన్నాడు ఇద్రీస్, అంతా అయ్యాక చేతులు జోడిస్తూ.

"ఓస్, దారి తప్పడమేగా!" అంది బ్యాచి.

మర్నాడు తెనాలి పరువు నిలబడింది. పొద్దున టిఫిన్ల వేళకి మొదలుపెడితే ఎండెక్కేలోపు అందరూ తప్పిపోయారు. పానకాలరావైతే పరీక్ష మొదలు కాకముందే, కాఫీ ఎక్కడైనా దొరుకుతుందేమోనని హోటలు గడప దిగి, అక్కడే తప్పిపోయాడు. పసుపుపచ్చ తోలుచెప్పుల కొట్టు దగ్గరికి తిరిగి తిరిగి వచ్చి, వచ్చినప్పుడల్లా ఊరికే దారి అడిగితే బావుండదని మొహమాటపడి, అడిగిన ప్రతిసారీ ఓ చెప్పుల జత కొన్నాడు. చంకనిండా చెప్పులతో ఆయన్ని తీసుకొచ్చిన పర్యవేక్షకుడికి ఆనందబాష్పాలు ఆగలేదు. అంత స్వచ్ఛంగా తప్పిపోయినవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నాడు. పానకాలరావుకి రెండు ముద్రలు కొట్టారు.

హైమవతి వెనకాల ఇద్రీస్ నడిచాడు. ఆవిడ హాయిగా తిరిగింది. ఇత్తడి గిన్నెలు వాయించి చూసింది. పుదీనా కట్ట వాసన చూసి మన దానికంటే ఘాటే అంది. తోళ్ళు నానబెట్టే చోట ముక్కు మూసుకుని, రంగుల తొట్లు చూసి, అటు నేతగాళ్ళ సందు, ఇటు వడ్రంగుల సందు చుట్టి, భోజనానికి హోటలుకొచ్చి నిమ్మచెట్టు కింద కూర్చుంది. అప్పుడు చూసుకుంటే వెనకాల ఇద్రీస్ లేడు.

"అయ్యో పాపం!" అని మళ్ళీ చీరకొంగు దోపుకుని బయల్దేరింది. ఇద్రీస్ వడ్రంగుల సందులో, చెక్కపొట్టు మధ్య నిలబడి, ఓ ముసలి వడ్రంగిని దారి అడుగుతున్నాడు. హైమవతిని చూడగానే కళ్ళు చెమర్చాయి.

"అమ్మా, ఈ విషయమును పైఅధికారుల దృష్టికి తీసుకుపోవద్దని ప్రార్థన" అన్నాడు.

"నేనెవరికి చెబుతాను నాయనా, రా, అన్నం చల్లారిపోతోంది" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఆవిడ చెప్పలేదు గానీ శాఖకి తెలిసింది. శాఖ చరిత్రలో మొదటిసారి ఒక టూరిస్టు ఫెయిలైంది. అంతటితో పోకుండా పర్యవేక్షకుణ్ణి పాస్ చేయించింది. మధ్యాహ్నానికల్లా కేసు "అతి జటిలము" అనే తరగతిలోకి ఎక్కి, హైమవతి కళ్ళకి గంతలు కట్టి, గాడిదనెక్కించి, ఊరంతా తిప్పడానికి నలుగురు ఉద్యోగులొచ్చారు. తిప్పారు. ప్రతి మలుపులోనూ గాడిదని బొంగరంలా గిరగిరా తిప్పి, "ఇప్పుడు తమ హోటలు ఏ దిక్కున ఉన్నదని భావించుచున్నారు?" అని ఇద్రీస్ చేత అడిగించారు.

"ఈశాన్యం" అంది గంతల వెనక నుంచి.

ఇంకా తిప్పారు. "ఇప్పుడు?"

"ఇప్పుడు వాయవ్యం. ఆ గాడిదని వదిలెయ్యండి బాబూ, దానికి కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి."

కళ్ళు తిరిగింది గాడిదకి కాదు, పగ్గం పట్టుకున్న ఉద్యోగికి. ఆయన ఓ దానిమ్మపళ్ళ బండి మీద పడ్డాడు. గాడిద అదే అదనని, హైమవతి చెప్పిన దిక్కుకి నడిచి ఆవిణ్ణి హోటలు గుమ్మంలో దించింది.

ఇక డైరెక్టర్ జనరలే రంగంలోకి దిగాడు. నిలువెత్తు మనిషి, మేజోళ్ళకి కూడా ఇస్త్రీ. ఆయన అరబ్బీలో మాట్లాడుతుంటే ఇద్రీస్ పక్కన నిలబడి నోటీసులోకి మారుస్తున్నాడు.

"మనిషిని తిప్పుట వలన ప్రయోజనము శూన్యము. కావున నగరమును తిప్పవలెనని సర్కారు వారు నిర్ణయించినారు" అన్నాడు ఇద్రీస్. అన్నాక తనే ఓసారి ఉలిక్కిపడ్డాడు.

మర్నాటికి నగరాన్ని తిప్పేశారు. ఇత్తడి కొట్లన్నీ బట్టల సందులోకి, బట్టల కొట్లు మసాలా సందులోకి మార్చారు. నీలం తలుపులకి పచ్చ రంగు, పచ్చ తలుపులకి నీలం రంగు వేశారు. సగం సందులకి చెక్కలు అడ్డం కొట్టి, లేనిచోట సందుల బొమ్మలు గీశారు. పొద్దున్నే ఊరు లేచి చూసుకుని తన ఊరు తనే గుర్తుపట్టలేక బిక్కమొహం వేసింది. అక్కడ ఇళ్ళల్లో రొట్టెల పిండి పిసికి కాల్చడానికి వీధి పొయ్యికి పంపుతారు. ఆ రొట్టెలు ఒకరివి ఇంకొకరింటికి చేరాయి. బళ్ళోకి పోవాల్సిన పిల్లలు తోళ్ళ తొట్ల దగ్గర తేలి, మేష్టారు వచ్చేదాకా సంబరంగా ఆడుకున్నారు. మేష్టారు రానేలేదు. ఆయన ఓ గోడ మీద గీసిన సందులోకి నడవబోయి నుదురు బొప్పి కట్టించుకున్నాడు. ఓ మంగలి అద్దం, కత్తెర తీసుకెళ్ళి తనది కాని కొట్టు తెరిచాడు. లోపల ఉన్నది నగల వర్తకుడు. ఆయన చక్కగా కూర్చుని గడ్డం గీయించుకున్నాడు.

"స్థానిక ప్రజలు సైతము దారి తప్పుట శాఖ సాధించిన అపూర్వ ప్రగతి" అని శాఖ గోడలనిండా ప్రకటనలు అంటించింది. ఆ గోడలు ఎక్కడున్నాయో తెలీక ఎవరూ చదవలేదు.

అందులోకి హైమవతిని వదిలారు. ఆవిడ సందు మొదట్లో నిలబడి అటూ ఇటూ చూసి, "ఇత్తడి కొట్లు పడమటికి తెచ్చారే! సాయంత్రం ఎండ పడి ధగధగలాడతాయి, మంచి పని చేశారు" అంది. అని, గీసిన సందులు వదిలేసి, అసలు సందుల్లో నడుచుకుంటూ హోటలు చేరింది.

తీరా చూస్తే ఆవిణ్ణి కాపలా కాయడానికి వెళ్ళిన శాఖ మొత్తం ఆ సందుల్లో గల్లంతయింది. డైరెక్టర్ జనరల్ కూడా. ఆయన అరుపులు గోడల అవతల్నుంచి వినపడుతున్నాయి గానీ మనిషి దొరకడం లేదు. హైమవతికి మనసొప్పలేదు. మళ్ళీ వెళ్ళింది. ఒక్కొక్కణ్ణీ ఏరుకుంటూ, "నాయనా, ఈ కొంగు పట్టుకో, నువ్వు ఆయన చొక్కా పట్టుకో" అని, బడిపిల్లల్ని ఎక్స్‌కర్షన్ నుంచి తెచ్చినట్టు వరసగా తీసుకొచ్చింది. అందరికంటే చివర, మేజోళ్ళ ఇస్త్రీ నలిగిపోయి, డైరెక్టర్ జనరల్.

కృతజ్ఞత చెబుతారనుకున్నాడు బాజీబాబు. డైరెక్టర్ జనరల్ ఒక గ్లాసు టీ గడగడా తాగి, మొహం గంటు పెట్టుకుని ఏదో అన్నాడు.

"దారి చూపుట ఈ నగరమున శిక్షార్హమైన నేరము. శాఖా సిబ్బందికే దారి చూపుట ద్వారా తమరు విధులకు ఆటంకము కలిగించినారు. ఐనను..." ఇద్రీస్ గొంతు సవరించుకున్నాడు. "ఐనను శాఖ దయామయి. కాళ్ళతో దారి తప్పలేని వికలురకు మౌఖిక పరీక్ష కలదు. ఉత్తర దిక్కు ఏదని అడిగెదరు. తప్పుగా చూపిన యెడల ముద్ర వేయబడును."

బ్యాచి అంతా ఊపిరి పీల్చుకుంది. వేలు ఓసారి తప్పు వైపు చూపిస్తే చాలు! ఇంత చిన్న విషయానికి ఊరంతా తిప్పారే అని నవ్వుకున్నారు. హైమవతి మాత్రం నవ్వలేదు. ఆవిడ మొహం పాలిపోయింది.

నిమ్మచెట్టు కింద బల్ల వేశారు. బల్ల వెనక డైరెక్టర్ జనరల్. ముందు హైమవతి.

"ఉత్తరమెటు?" అన్నాడు ఇద్రీస్.

హైమవతి చెయ్యి ఠక్కున లేచి ఉత్తరానికి నిలబడింది.

"అయ్యో టీచరుగారూ!" అని బాజీబాబు నెత్తి కొట్టుకున్నాడు. "అటు కాదండీ, అటు తప్ప ఎటైనా చూపించండి!"

రెండోసారి అడిగారు. ఆవిడ పళ్ళ బిగువున చేతిని దక్షిణం వైపు ఎత్తింది. ఎత్తిన చెయ్యి దానంతటదే చుట్టు తిరిగి, వణుకుతూ వణుకుతూ ఉత్తరం మీద ఆగింది. బాజీబాబు ఆ చేతిని తువ్వాలుతో కట్టేసి రెండో చెయ్యి చూపించమన్నాడు. రెండో చెయ్యి కూడా మొదటిదాని చెల్లెలే. మూడోసారి పానకాలరావే మోచెయ్యి పట్టుకుని దక్షిణానికి గుంజితే, చెయ్యి ఆయన మాట విన్నది గానీ మెడ వినలేదు. మెడ ఉత్తరానికి తిరిగి, గడ్డంతో చూపించింది.

"తప్పు చెప్పాలంటే నోరు రావడం లేదండీ" అంది హైమవతి. "పటంలో ఉత్తరం తప్పు పెట్టినందుకు ఎంతమంది పిల్లల్ని గోడకుర్చీ వేయించాను. ఇప్పుడు నేనే తప్పు చూపించమంటే, వాళ్ళంతా ఇక్కడే బెంచీల మీద కూర్చుని నన్ను చూస్తున్నట్టుంది."

పానకాలరావు ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. జీవితంలో ఆయన భార్యకి ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు చెప్పాడు.

"హైమా, చూడు. ఉత్తరం ఎక్కడికీ పోదు. నువ్వు తప్పు చూపించినా అది అక్కడే ఉంటుంది. బస్సు మాత్రం పోతుంది. నీకు ఉత్తరం కావాలా, సహారా కావాలా?"

హైమవతి కళ్ళు మూసుకుంది. నిమ్మచెట్టు మీద ఏదో పిట్ట కూసింది. అప్పుడు ఆవిడ లేచి, చేయి చాచి, దక్షిణం వైపు చూపించి, "అది ఉత్తరం" అంది. అని భోరున ఏడ్చేసింది. జన్మలో మొదటి తప్పు జవాబు.

డైరెక్టర్ జనరల్ కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాడు. చప్పట్లు కొట్టాడు. వరసగా శాఖంతా చప్పట్లు కొట్టింది.

"కన్నీరు సహితముగా! ఇట్టి సంపూర్ణ దిగ్భ్రమ ఇంతకు మునుపు నమోదు కాలేదని డైరెక్టర్ జనరల్ గారు హర్షము వెలిబుచ్చుచున్నారు" అన్నాడు ఇద్రీస్. అతని గొంతులో మాత్రం హర్షం లేదు. ముద్ర కొట్టేటప్పుడు ఆవిడ చెయ్యి నొప్పి పుట్టకుండా మెల్లిగా పట్టుకున్నాడు.

మర్నాడు బస్సు కొండలెక్కింది. మంచుకొండలు వచ్చాయి, దేవదారు అడవులొచ్చాయి, మట్టితో కట్టిన అమాజిగ్‌ల పల్లెలొచ్చాయి. బ్యాచి అంతా కిటికీలకి అంటుకుపోయి అరుస్తోంది. హైమవతి కొంగులో ముద్ర దాచుకుని కూర్చుంది. వంపు తిరిగినప్పుడు కూడా దిక్కు గొణగలేదు. పానకాలరావుకి భయమేసింది.

చివరికి రోడ్డు అయిపోయింది. అయిపోయినచోట ఆగ్నేయం పక్కన, నారింజపండు రంగులో, ఇసుక కొండలు కనిపించాయి. హైమవతి లేచి నిలబడింది. ఇన్నేళ్ళూ తను వాడిన సుద్ద రంగు తప్పని ఒక్క చూపులో తెలిసింది. పసుపు కాదు. దీనికి సరిపోయే సుద్ద ఏ బళ్ళోనూ లేదు. బస్సులోంచి అందరికంటే ముందు దూకి, ఇసుక వైపు పరుగులాంటి నడక నడిచింది.

ఇసుక ముందు ఓ తాడు కట్టి ఉంది. కర్రలకి కట్టిన మామూలు తాడు. తాడు దగ్గర నీలం తలపాగా చుట్టుకున్న ఓ పెద్దాయన నిలబడ్డాడు. ఎడారి రక్షణ శాఖ అధికారి, అమాజిగ్, పేరు మోహా. అందరి మణికట్లూ చూశాడు. మొహం విచారంగా పెట్టి, నెమ్మదిగా ఏదో చెప్పాడు. వెంట వచ్చిన ఇద్రీస్ అది విని, తెలుగులో చెప్పడానికి తటపటాయించాడు.

"ఎడారిలో ప్రవేశము దారి తెలిసిన వారికి మాత్రమే. దారి తెలియదని ముద్ర కలిగినవారు తాడు దాటరాదు. వారి ప్రాణరక్షణార్థము."

"ఆ ముద్ర లేకపోతే మమ్మల్ని ఊరే దాటనివ్వరు కదయ్యా!" అన్నాడు బాజీబాబు.

"అది వేరే శాఖ" అన్నాడు ఇద్రీస్. "ఆ శాఖకు ఈ శాఖకు పరస్పర గౌరవము మిక్కుటము. అందుచేత మాట్లాడుకొనరు."

"మరి ఇప్పటిదాకా ఎవరు దాటారు?"

ఇద్రీస్ అడిగి చెప్పాడు. దారి తప్పించే శాఖ పెట్టాక ఎవరూ దాటలేదు. ఎడారి చాలా శుభ్రంగా ఉంటోందని పై అధికారులు మెచ్చుకుంటున్నారు.

బ్యాచి సర్దుకుపోయింది. ఇక్కణ్ణుంచే బాగా కనిపిస్తోంది కదా అని, తాడుకి వీపు పెట్టి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. పానకాలరావు భార్య వెనకాల నిలబడ్డాడు. హైమవతి ఇసుకనే చూస్తోంది. కోపంతో ఆవిడ ముక్కుపుటాలు అదురుతున్నాయి. జన్మకో అబద్ధం ఆడింది, అదీ దీనికోసం, దీనికి అడుగు దూరంలో ఆగిపోవడానికా. ఇలాంటి కోపం ఆవిడకి బళ్ళో ఇన్‌స్పెక్షన్ల రోజున తప్ప వచ్చేది కాదు. అప్పుడు ఏ గొంతుతో మాట్లాడేదో, ఆ గొంతుతో అడిగింది.

"ఇద్రీస్, ఆయన్నడుగు. ఎడారి ఎక్కడ మొదలవుతుంది?"

"తాడు వద్ద."

"తాడు ఎక్కడ ఉండాలి?"

మోహా గర్వంగా చెప్పాడు. ఇద్రీస్ మార్చాడు. "ఇసుక ఎచ్చట మొదలగునో అచ్చటనే తాడు ఉండవలెనని నిబంధన. వారు క్రమము తప్పక పాటింతురు."

"మంచిది. నాకో కుర్చీ వేయించు."

ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. దాన్ని తాడుకి ఆనుకుని, ఇవతలి వైపే వేయించుకుని, ఆగ్నేయానికి తిరిగి కూర్చుంది. పమిట తల చుట్టూ బిగించింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు పానకాలరావు.

"గాలి ఇటు తిరుగుతోందండీ, ఆగ్నేయం నుంచి. కళ్ళజోడు పెట్టుకోండి" అంది.

తిరిగింది. ముందు పాదాల దగ్గర చిన్నగా, పాములు పాకినట్టు ఇసుక కదిలింది. తర్వాత దిబ్బల మీంచి బుసకొడుతూ లేచింది. బ్యాచి కెవ్వుమని బస్సులోకి పరిగెత్తింది. పానకాలరావు కుర్చీ వెనక నక్కాడు. హైమవతి కదల్లేదు. ఇసుక తాడు కిందనుంచి వచ్చింది, తాడు మీంచి వచ్చింది, ఆవిడ చెప్పుల్లోకి వచ్చింది, పాదాలు కప్పేసింది. గాలి తెరిపిచ్చేసరికి కర్రలు సగం పూడిపోయి ఉన్నాయి. ఇసుక మొదలయ్యే చోటు కుర్చీ వెనక్కి, పానకాలరావు కాళ్ళ దగ్గరికి జరిగిపోయింది.

మోహా నిబంధన మనిషి. మనుషుల్ని పిలిచి కర్రలు పీకించాడు. తాడు పట్టుకుని వెనక్కి జరుపుతూ జరుపుతూ కుర్చీ దగ్గర ఆగిపోయారు. దయచేసి లేచి వెనక్కి రమ్మన్నాడు.

"ఎందుకు రావాలి? నేను తాడు దాటకూడదన్నారు. దాటలేదు. ఉన్నచోటే ఉన్నాను. తాడు నన్ను దాటకూడదని ఎక్కడైనా ఉందేమో చూసి చెప్పమను" అంది హైమవతి.

మోహా తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. తర్వాత ఇద్రీస్‌తో ఏదో అన్నాడు. ఇద్రీస్ పెదాలు నవ్వు ఆపుకోలేకపోతున్నాయి.

"ఈ విషయమై నిబంధనలు మౌనము వహించినవి" అన్నాడు.

తాడు ఆవిడ తలమీంచి ఎత్తి వెనక్కి తీసుకుపోయి పాతారు. పానకాలరావు తాడుకి అవతల మిగిలిపోయాడు. హైమవతి ఇవతల, సహారాలో ఉంది. వంగి దోసెడు ఇసుక తీసుకుంది. వెచ్చగా ఉంది. వేళ్ళ సందుల్లోంచి జారుతుంటే ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మళ్ళీ నవ్వే వచ్చింది.

బస్సు హారన్ కొట్టింది. బాజీబాబు చేతులూపుతున్నాడు. ఇద్రీస్ మొహం గంభీరంగా పెట్టుకుని తాడు దగ్గరికొచ్చాడు.

"అమ్మా, దారి తెలియనివారు ఎడారిలో ఉండరాదు. వెంటనే వెలుపలికి రావలసినదిగా శాఖవారు కోరుచున్నారు."

"వస్తాను నాయనా. ఎటు రావాలి?"

"ఇటు..." అనబోయి ఇద్రీస్ నాలిక్కరుచుకున్నాడు. దారి చూపడం తన శాఖలో నేరం. మోహా వైపు చూశాడు. ముద్ర ఉన్నవాళ్ళని లోపలికి రానివ్వకూడదని మోహాకి తెలుసు. లోపలున్నవాళ్ళని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆయన ఆకాశం వైపు చూశాడు.

"హైమా! ఇటే! నా వైపు రావే!" అని అరిచాడు పానకాలరావు.

"మీ వైపంటే ఎటండీ? తూర్పా, పడమరా?" అంది హైమవతి. నీలిముద్ర ఉన్న చేతిని కొంగులోంచి తీసి, అందరికీ కనబడేలా పైకెత్తింది. "నాకేం తెలుసు, దారి తెలియనిదాన్ని. మీ సర్కారే తేల్చింది."

అని, చెప్పులు విప్పి చేత పట్టుకుని, అన్నిటికంటే ఎత్తున్న దిబ్బ వైపు తిన్నగా ఎక్కడం మొదలుపెట్టింది.